కానుకల వేళ వాయించిన పాట

మొన్న మధ్యాహ్నం రేడియోలో రైతుల కార్యక్రమం అయిపోయి, వార్తలకింకా కాస్త వ్యవధి మిగిలింది. అలాంటప్పుడు విజయవాడ వాళ్ళు ఊరికే ఉండలేక ఏదో ఒక వాద్యసంగీతం వేస్తారు. వార్తల వేళ కాగానే మధ్యలోనే దాని పీక నొక్కేస్తారు. దాన్ని ఎవరూ వినరు. నేనూ వినను. పాపకి దగ్గు తగ్గీ తగ్గకుండా ఉండటంతో తులసి రసంలో తేనె కలుపుతున్నాను. ఇంతలో వయొలిన్లన్నీ ఒక్కసారి లేచాయి. వాటి కిందనుంచి క్లారినెట్ మెల్లగా వచ్చింది. నా చేతిలో చెంచా ఆగిపోయింది. మా మూడేళ్ళ పాప, ఎవరూ చెప్పకుండానే, మంచం పట్టె పట్టుకుని అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. మా వారు పేపర్లోంచి తలెత్తి, "చూశావా, దీనికి చెవి ఉందోయ్! వచ్చే ఏడు హార్మోనియం నేర్పిద్దాం. మీ బందరు చర్చిలో వాయిస్తుంది" అన్నారు. ముచ్చటపడే అన్నారు పాపం. "వద్దు" అన్నాను. నేనన్న తీరుకి పాప కూడా ఊగడం ఆపి నా వంక చూసింది. "ఎందుకంత ఉలుకు?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోగా వార్తలు వచ్చేశాయి. పాట తెగిపోయింది. జవాబు నాలోనే ఉండిపోయింది. అది ఒక్క మాటలో తేలేది కాదు. అందుకని పాప నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. మధ్యమధ్య లేచి దాని గుండె మీద చెయ్యి వేసి చూసి వస్తుంటాను కనక, కథ అక్కడక్కడ అతుకులు పడితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మాది బందరు. మా తాతగారు మిషన్ బళ్ళో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి దివిసీమలో పరాయివాళ్ళ పొలాల్లో ఒళ్ళు వంచి పనిచేసిన మనిషి. తాతగారు మిషన్ హాస్టల్లో తిని, చదివి, నల్లకోటు తొడుక్కుని బందరు చేరారు. ఆ కోటు మీద ఎక్కడ మరక పడుతుందోనన్న భయం ఆయనకి జీవితాంతం వదల్లేదు. ఇది నాకు ఇప్పుడు తెలుస్తున్న సంగతి. చిన్నప్పుడు మాకు తెలిసిందల్లా ఆయన పెట్టిన నిషేధాలు. ఇంట్లో పేకముక్క కనపడకూడదు. సినిమా మాట వినపడకూడదు. సినిమా పాట సరేసరి. మా వీధి చివర కాఫీ హోటలువాడు సాయంత్రాలు మైకు పెట్టేవాడు. అది మొదలవగానే తాతగారు కుర్చీలోంచి "కిటికీలు!" అని కేకవేసేవారు. మే నెలలో, బందరు ఉక్కలో, ఒళ్ళంతా ఉప్పునీళ్ళు కారుతుంటే మేము కిటికీలన్నీ బిగించుకుని పుణ్యాత్ముల్లా కూర్చునేవాళ్ళం. "నరకంలో ఇలాగే ఉడికిపోతారని కదటండీ మన చర్చి అయ్యగారు ప్రసంగంలో చెప్పారు? మరి మనం ఎక్కడున్నట్టు?" అని మామ్మ విసనకర్ర విసురుకుంటూ అడిగేది. తాతగారు వినపడనట్టు ఉండేవారు. వినపడనట్టు ఉండటంలో ఆయనకి మంచి సాధన ఉండేది.

ఇంట్లో గ్రామఫోను మాత్రం ఉండేది. మిషన్లో పనిచేసిన దొరసాని తన దేశం వెళ్ళిపోతూ తాతగారికి ఇచ్చి వెళ్ళింది. దానితోపాటు ఇంగ్లీషు కీర్తనల ప్లేట్లు ఒక పెట్టెడు. దాని మీద పెడన అద్దకం గుడ్డ ఒకటి కప్పి ఉంచేవారు. ఆ గుడ్డ తీసే అధికారం ఇద్దరికే ఉండేది, తాతగారికీ మా మేనత్తకీ. మేనత్త అంటే మా నాన్నకి చెల్లెలు. అప్పటికి ఇంటరు చదివి, ట్రైనింగయ్యి, బందర్లోనే మిషన్ ఆడపిల్లల బళ్ళో టీచరుగా చేస్తోంది. పొడుగ్గా, కొంచెం వంగినట్టు ఉండేది. వంటింట్లో మామ్మకి చెయ్యి, బళ్ళో పిల్లలకి గొంతు, సాయంత్రం తాతగారికి కళ్ళు. ఆయనకి శుక్లాలు ముదిరి అక్షరాలు అలుక్కుపోయేవి కనక పేపరు ఆవిడే చదివి పెట్టేది. ఇన్ని పనుల మధ్య ఆమెకంటూ మిగిలింది ఒక్క స్టూలు. చర్చిలో కాళ్ళతో తొక్కే ఆర్గన్ ముందుండే గుండ్రటి స్టూలు. దొరసాని దగ్గర నేర్చుకుంది, దొరసాని వెళ్ళాక ఆ చోటు ఆమెది అయింది. ఆదివారం ఉదయం ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు మా అత్తయ్య వంగి ఉండేది కాదు. ఆమెని పేరు పెట్టి కాకుండా "ఆర్గనమ్మాయి" అని పిలిచేవాళ్ళు కొందరు. ఇంకెవరైనా అయితే చిన్నబుచ్చుకునేవారు. ఆమె ఆ పేరు విన్నప్పుడల్లా చీర కొంగు సర్దుకునేది.

ఒక సెలవుల్లో అత్తయ్య కాలేజీ స్నేహితురాలు గుడివాడ నుంచి మా ఇంటికి వచ్చింది. ఆవిడ అన్నయ్య మద్రాసులో సినిమాలకి వయొలిన్ వాయించే గుంపులో ఒకడు. వస్తూ వస్తూ ఆవిడ అట్టముక్కల మధ్య పెట్టి ఒక ప్లేటు తెచ్చింది. ఒక బెంగాలీ నవలని మనవాళ్ళు తెలుగు సినిమాగా తీశారట. పాటలు ఊరూరా మోగిపోయాయట. దాంతో రికార్డు కంపెనీవాళ్ళు ఆ వాయిద్యకారుల్నే మళ్ళీ పిలిచి, పాడినవాళ్ళని ఇంటి దగ్గరే ఉండమని, గొంతులు పలికినదంతా వయొలిన్లకీ క్లారినెట్‌కీ పంచి, కొత్తగా వాయించి పట్టారట. మాట అన్నది లేకుండా, ఒట్టి సంగీతం. "ఇందులో మా అన్నయ్య ఉన్నాడే. ఎక్కడున్నాడో మాత్రం వాడికీ తెలీదు. ఇరవైమంది ఒకేసారి గీకితే ఎవడి గీత ఏదో ఎలా చెప్తాం?" అని పకపకా నవ్విందావిడ. అత్తయ్య నవ్వలేదు. ప్లేటుని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకి వంచి, దాని మీద గీతల వంక చూస్తూ ఉండిపోయింది. ఎందుకంటే ఆ నవల ఆమె చదివింది. కాలేజీ లైబ్రరీలో, తెలుగు అనువాదం, అట్ట చిరిగిపోయింది, చివరి పేజీ ఎవరో చించుకుపోయారు.

నవలలు చదవడం మా ఇంట్లో నేరం కాదు. అచ్చయినది ఏదైనా చదువుకిందే లెక్క. సినిమా మాత్రం పాపం. అందుకని అత్తయ్యకి కథ తెలుసు, పాట తెలుసు, ఆ రెంటినీ కలిపిన సినిమా తెలియదు. ఆ కలపడం ఆమె తనే చేసుకుంది. మధ్యాహ్నం తాతగారు కునుకు తీస్తుంటే, గ్రామఫోను పెట్టె తలుపు దగ్గరగా వేసి, గుడ్డ ఒత్తిపెట్టి, చాలా చిన్నగా ఆ ప్లేటు వేసేది. నాకు అప్పటికి పదీ పదకొండేళ్ళు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. నది మీద వంతెన కట్టడానికి ఒక ఇంజనీరు వస్తాడు. పడవవాడి కూతురు అతన్ని రోజూ అవతలి ఒడ్డుకి దాటిస్తుంది. వంతెన పూర్తయితే అతను వెళ్ళిపోతాడు, వాళ్ళ నాన్న పడవకి పని పోతుంది. అయినా ఆ పిల్ల వంతెన ఎప్పుడు పూర్తవుతుందా అనే ఎదురుచూస్తుంది. పూర్తయిన రోజున దాని మీద ఇద్దరం నడుద్దామని అతను మాట ఇచ్చాడు. "ఇదిగో, ఇక్కడ, ఈ క్లారినెట్ దగ్గర, వాళ్ళిద్దరూ వంతెన ఎక్కారు. విను. కింద నీళ్ళు. విన్నావా నీళ్ళు?" అనేది. నాకు నీళ్ళు వినపడేవి. కీ తగ్గి ప్లేటు నెమ్మదించి పాట మూలిగితే, నడిచీ నడిచీ వాళ్ళు అలిసిపోయారనుకునేదాన్ని.

ఒకరోజు తాతగారికి నిద్ర పట్టలేదు. కర్ర తాటించుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అత్తయ్య చెయ్యి ప్లేటు మీదకి వెళ్ళి ఆగిపోయింది. ఆయన చెయ్యెత్తి ఉండనిమ్మని సైగ చేశారు. పాట అయిపోయేదాకా అలాగే నిలబడి విన్నారు. "ఏమిటమ్మా ఇది?" అన్నారు. "ఆర్కెస్ట్రా అండి, నాన్నగారూ" అంది అత్తయ్య. అది అబద్ధం కాదు. ప్లేటు మధ్య అంటించిన చీటీ మీద ఇంగ్లీషులో అదే ఉంది. మిగతాదంతా తాతగారే అల్లుకున్నారు. పాట అంటే మాటలు ఉండాలి, పాపం ఏదైనా ఉంటే ఆ మాటల్లో ఉండాలి. మాట లేదు కనక ఇది సినిమా పాట కాదు. పైగా ఇరవై వయొలిన్లు. వయొలిన్లు అన్నేసి ఒక్కచోట చేరాయంటే అది దొరలు కట్టిన సంగీతం అయి తీరాలి. "ఎంత గంభీరంగా ఉందమ్మా! మనవాళ్ళకి వస్తుందా ఇలాంటిది? మన దొరసానిగారు ఉంటే ఎంత సంతోషించేవారో" అన్నారు. మామ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఇది హోటలువాడు వేసేదే కదూ?" అనబోయింది. అత్తయ్య ఆమె వంక ఒక్కసారి చూసింది. మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు మేము ముగ్గురం నవ్వుకున్నాం. ఇప్పుడు రాస్తుంటే ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది.

మా చర్చిలో ప్రసంగం అయ్యాక కానుకల సంచి పట్టేవారు. పొడుగు కర్రకి కట్టిన ఎర్ర మఖ్మల్ సంచి వరసవరసకీ సాగుతూ ఉంటే, జనం పాడరు. ఆర్గన్ ఒక్కటే మోగుతుంది. చిల్లర గలగల వినపడకుండా అని మామ్మ అనేది గానీ, అసలు సంగతి అది ఒక పాత పద్ధతి. ఆ కాసేపూ ఏం వాయించాలన్నది ఆర్గన్ వాయించేవాళ్ళ ఇష్టం. ఒక శనివారం తాతగారు, "రేపు కానుకలప్పుడు ఆ ఇంగ్లీషు ముక్క వాయించమ్మా" అన్నారు. అత్తయ్య, "అది చర్చికి బాగుంటుందో లేదో నాన్నగారూ" అంది. "నేను చెబుతున్నాగా" అన్నారాయన. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు. మర్నాడు వాయించింది. నేను పిల్లల వరసలో కూర్చుని చూస్తున్నాను. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది, ఎర్రసంచి కదులుతోంది, అత్తయ్య పాదాలు లేచి దిగుతున్నాయి. వంతెన మీద వాళ్ళిద్దరూ నడుస్తున్నారు. ముందు బెంచీలో తాతగారు కళ్ళు మూసుకుని తల ఆడిస్తున్నారు. గుళ్ళో సగంమందికి అది ఏ పాటో తెలుసని నేను ఇవాళ ఒట్టువేసి చెప్పగలను. తెలుసని చెబితే సినిమాకి వెళ్ళినట్టు బయటపడుతుంది. అందుకని అందరూ మహా భక్తిగా తలలు వంచుకున్నారు. అలా కొన్ని నెలలు గడిచాయి. "ఆ ముక్క, ఆ ముక్క" అని ప్రతి శనివారం తాతగారు గుర్తుచేస్తూనే ఉన్నారు.

ఆ ఏడు అత్తయ్యకి గుడివాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. మావాళ్ళలో పిల్లని చూడటానికి ఆదివారం ఆరాధనకి రావడం ఒక మర్యాద. అందరితోపాటు వచ్చి కూర్చుంటారు, పిల్లని చూసినట్టూ ఉంటుంది, చూడనట్టూ ఉంటుంది. పిల్ల ఆర్గన్ వాయిస్తుందని ముందే చెప్పారు కనక వాళ్ళు ఇంకా ఉత్సాహంగా వచ్చారు. పెళ్ళికొడుకు బాగానే ఉన్నాడు, ఎక్కువ నూనె రాసుకున్నాడు. అతని తమ్ముడు కాలేజీ కుర్రాడు. కానుకల సంచి బయల్దేరింది, అత్తయ్య మొదలుపెట్టింది. ఆ కుర్రాడు మొదట ముసిముసిగా నవ్వాడు. తరవాత మోకాలి మీద తాళం వేశాడు. తరవాత, అలవాటో కొంటెతనమో, పాట అందుకున్నాడు. మాటలతో సహా. వల్లభా, వెన్నెలా, కౌగిలీ అన్నీ వచ్చే మాటలు. ఒక చరణం పూర్తిగా అవకముందే వాళ్ళ నాన్న వాడి నెత్తిన ఒకటి మొట్టాడు గానీ, అప్పటికే గుడి మొత్తం విన్నది. వెనకాల ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తయ్య ఆపలేదు. సంచి చివరి వరస దాటేదాకా వాయించి, మూత వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సంబంధం పోయినందుకు ఆమె విచారించలేదు. "అంత నూనె పెట్టుకుంటే దిళ్ళ గలీబులు ఎవరు ఉతుకుతారు?" అని నాతో అంది కూడా. ఆమె భయం అంతా ఆ స్టూలు గురించే. మర్నాడు సాయంత్రం సంఘపెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చారు. చర్చిలోనూ బడి కమిటీలోనూ మాట చెల్లే మనిషి. అందరూ పెద్దగారు అనేవారు. అరుగు మీద తాతగారి కుర్చీకి ఎదురుగా కూర్చుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని మొదలుపెట్టారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఉన్నాను.

"మాస్టారూ, మీ ఇంటి నుంచి ఇలాంటిది వస్తుందనుకోలేదండి. దేవుడి గుళ్ళో సరసాల పాట! అమ్మాయి ఇదెక్కడ నేర్చింది? మీకు తెలుసా?"

తాతగారు కర్ర పిడి రెండు చేతులతో పట్టుకున్నారు. అత్తయ్య ఆయన వంకే చూస్తోంది. తనని తప్పించమని కాదు, ఆయన ఒక్క మాట అంటే చాలని. నేనే వాయించమన్నాను, నాకు తెలియక ఇంగ్లీషు సంగీతం అనుకున్నాను అంటే, నలుగురూ నవ్వేవారు. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. డెబ్భయ్యేళ్ళ మాస్టారిని ఎవరేమంటారు?

"నాకు సంగీతం తెలియదండి పెద్దగారూ" అన్నారు తాతగారు.

వంటింట్లో ఏదో గిన్నె ఠంగుమని కింద పడింది. మామ్మే పడేసిందని నా నమ్మకం. పెద్దగారు అత్తయ్య వైపు తిరిగి, గొంతు తగ్గించి, నిజంగా దయగానే, "చూడమ్మా, పెద్ద గొడవ చెయ్యడం నాకూ ఇష్టం లేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక లేచి, తెలియక చేశాను, క్షమించండి అను. అంతే. ఆర్గన్ నీదే, స్టూలు నీదే" అన్నారు. అత్తయ్య "సరేనండి" అంది.

వారమంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. మామ్మ మాత్రం తాతగారికి కంచం పెట్టేటప్పుడు కొంచెం చప్పుడుగా పెట్టేది. ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక అయ్యగారు అత్తయ్యని పిలిచారు. ఆమె తెల్లచీర కట్టుకుని, ముసుగు సరిచేసుకుని, ముందుకి వెళ్ళి జనం వైపు తిరిగింది. "నేను కానుకల వేళ సినిమా పాట వాయించాను. క్షమించండి" అంది. పెద్దగారు ముందు బెంచీలోంచి, "తెలియక అనమ్మా" అని అందించారు. పరీక్షలో పిల్లకి జవాబు అందించినట్టు. అత్తయ్య ఆయన వంక చూసి, తరవాత తాతగారి వంక చూసింది. తాతగారు తన బూట్ల వంక చూసుకుంటున్నారు. "తెలిసే వాయించానండి. బాగుందని వాయించాను" అంది అత్తయ్య. గుళ్ళో గుసగుసలు లేచాయి. పెద్దగారి ముఖం ఎర్రబడింది. "తెలియక అని ఒక్క మాట అంటే పోతుంది కదా!" అన్నారు. "అది అబద్ధం కదండీ. గుళ్ళో ఎలా చెప్పను?" అంది. నేనే వాయించమన్నానని తాతగారు అప్పుడైనా లేచి చెబుతారని నేను చూశాను. ఆయన లేచారు. లేచి, కర్ర తీసుకుని, బయటికి నడిచారు.

ఆర్గన్‌కి తాళం పడింది. అత్తయ్యకి కొన్నాళ్ళు ప్రభువు బల్ల ఆపారు, అందరితోపాటు రొట్టె, ద్రాక్షరసం తీసుకోనివ్వలేదు. సెలవులయ్యాక బడి కమిటీవాళ్ళు ఆమెని దివిసీమ చివర, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో ఉన్న మిషన్ బడికి మార్చారు. బస్సు దిగి, పడవ దాటి, ఆ తరవాత గట్టు వెంట నడవాలి. బయల్దేరే రోజున మా నాన్న సామాను మోశాడు. తాతగారు ప్రార్థన చేసి, "దేవుడు నీకు తోడుగా ఉంటాడమ్మా" అన్నారు. అత్తయ్య, "ఉండనివ్వండి నాన్నగారూ, ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది. ఆమె ఆయనతో ఎదురు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇంతవరకు ఎవరి ఇంట్లోనైనా జరగొచ్చు. దీని తరవాతది చెప్పడానికే నాకు చెయ్యి రావడం లేదు. అత్తయ్య వెళ్ళిన నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం తాతగారు నన్ను పిలిచి, "గ్రామఫోనుకి కీ ఇవ్వమ్మా. ఆ ముక్క పెట్టు" అన్నారు. తలుపులు వేయించారు. కిటికీలు కూడా. కళ్ళు మూసుకుని, తల ఆడిస్తూ, గుళ్ళో విన్నట్టే విన్నారు. మళ్ళీ మర్నాడు. ఆ తరవాత అది రోజూ జరిగే పని అయింది. ఒకరోజు పాట మధ్యలో మామ్మ లోపలికి వచ్చింది. చేతికి శనగపిండి ఉంది. "ఆ పిల్లని ఇసకలోకి తోసి, ఇక్కడ ఆ పిల్ల పాటే వింటున్నారా? మీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు గానీ, చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయే!" అంది. తాతగారు వినపడనట్టు ఉన్నారు. మామ్మ గ్రామఫోను హ్యాండిలు ఊడబెరికి పట్టుకుపోయింది. బియ్యం డబ్బాలో, అడుగున, పాతిపెట్టింది. నాకు తెలుసు, మా అమ్మకి తెలుసు, పనిమనిషికి కూడా తెలుసు. తాతగారు దాన్ని ఎప్పుడూ అడగలేదు. అడిగితే మాట్లాడాలి. చనిపోయేదాకా, నాలుగైదేళ్ళు, ఆ పెట్టె పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన భూస్థాపనకి అత్తయ్య వచ్చింది. చర్చిలో ఆర్గన్ వాయించింది వేరే అమ్మాయి, వచ్చీరాని వేళ్ళతో.

పెళ్ళయ్యాక నేను గుడివాడ వచ్చాను. మా వారికి సినిమా పాపమన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పాప కడుపులో ఉండగా ఆ పాత సినిమా మళ్ళీ వచ్చింది, ఉదయం ఆటకి తీసుకెళ్ళారు. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను, వంతెన ఎప్పుడొస్తుందా అని. సినిమాలో వంతెన లేదు. కట్టడం ఖర్చనుకున్నారో ఏమో, ఇంజనీరుని డాక్టరుని చేశారు, నదిని తోట చేశారు. ఆ పాట వచ్చింది. పువ్వులు చుట్టిన ఉయ్యాల మీద ఇద్దరూ కూర్చుని ఊగుతుంటే, పొద వెనకాల హాస్యగాడు ఒకడు అరటిపండు తింటూ తొంగిచూస్తున్నాడు. హాలంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మా వారు వేవిళ్ళనుకుని సోడా తెచ్చారు.

ఆ తరవాత ఒకసారి నాన్నతో దివిసీమ వెళ్ళాను. అత్తయ్య బడి తాటాకు పాక. బయట ఇసకలో చేపలు ఎండుతున్నాయి. లోపల పిల్లలు ఎక్కాలు పాడుతున్నారు, మంచి వరసలో, శ్రుతి తప్పకుండా. అది ఆమె పనేనని వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం నా జడ వేస్తూ, "చూశావటగా ఆ సినిమా. వంతెన మీద వచ్చిందా పాట?" అని అడిగింది. ఎంత మామూలుగా అడిగిందంటే, ఇన్నేళ్ళూ అదే అడగాలని ఉందని నాకు అర్థమైంది. "వంతెన మీదే అత్తయ్యా. చాలా బాగా తీశారు" అన్నాను. జడ పాయ ఒకసారి గట్టిగా లాగింది. "అబద్ధాలాడకు. అది మూడు దెబ్బల తాళమే. మనిషికి రెండు కాళ్ళు కదా, దానికి నడక ఎలా కుదురుతుంది? ఆర్గన్ మీద తొక్కిన మొదటి రోజే తెలిసింది నాకు. ఉయ్యాల కదూ?" అంది. ఉయ్యాలే అన్నాను. "పోనీలే. నేను నడిపించాను" అని నవ్వింది.

రెండేళ్ళ కిందట క్రిస్మస్‌కి అందరం బందర్లో కలిశాం. పాప చంకపిల్ల. అత్తయ్య కూడా వచ్చి నా పక్కన కూర్చుంది, వెనక బెంచీలో, పాప ఏడిస్తే బయటికి తీసుకెళ్ళడానికి వీలుగా. ఇప్పుడు మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. యువజనులు హార్మోనియం, తబలా, గిటారు పెట్టుకుని ముందు నిలబడ్డారు. క్రిస్మస్ పాట మొదలైంది. రెండో వరస రాకముందే గుర్తుపట్టాను. అదే పాట. కౌగిలి ఉన్నచోట పశువులపాక పెట్టారు, వెన్నెల ఉన్నచోట నక్షత్రం పెట్టారు, వల్లభుడు ఉన్నచోట ప్రభువు. గుడి అంతా చప్పట్లు కొట్టి పాడుతోంది. ముందు బెంచీలో పెద్దగారు, బాగా ముసలివారైపోయారు, బెంచీ చేతి మీద అరచేత్తో తాళం వేస్తున్నారు. నేను అత్తయ్య వంక చూడలేకపోయాను. ఆమే నా చెవి దగ్గరికి వంగి, "మరీ పరిగెత్తిస్తున్నారే" అంది. పాట అయ్యాక అయ్యగారు లేచి, ఈ చక్కని రాగం మన యువకులే స్వయంగా కట్టారని చెప్పి అభినందించారు.

బయట అందరూ వందనాలు చెప్పుకుంటున్నారు. చేమంతుల వాసన, కొత్తబట్టల గంజి వాసన. పెద్దగారు కర్ర పోటేసుకుని మా దగ్గరికి వచ్చారు. అత్తయ్యని గుర్తుపట్టి ముఖం వికసించింది. "ఏమ్మా, మా మాస్టారి అమ్మాయివి కదూ! బాగున్నావా? ఎక్కడ పని? అన్నట్టు, నువ్వు ఆర్గన్ భలే వాయించేదానివమ్మా. ఇప్పుడొచ్చే పిల్లలకి ఏం వస్తుంది? ఎందుకమ్మా మానేశావు?" అన్నారు. వెటకారం ఏమీ లేదు. ఆయన కళ్ళలో ఆపేక్ష తప్ప ఇంకేమీ లేదు. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

అన్నీ అందరి ముందూ అడిగేద్దామని నోరు తెరిచాను. అత్తయ్య నా చేతిలోంచి పాపని అందుకుంది. అందుకుంటూ నా మోచెయ్యి నొక్కింది. పాప టోపీ ముడి సరిచేస్తూ, పెద్దగారి వంక చూసి, తలవంచి, "తీరిక లేక మానేశానండి" అంది. "అయ్యో, అలా మానకూడదమ్మా" అని ఆయన ఆమె నెత్తిన చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయారు.

కాలం మనుషుల్ని మెత్తబరుస్తుందని పెద్దవాళ్ళు మెచ్చుకుంటూ చెబుతుంటారు. ఆ ఆదివారం గుడి మొత్తం ఒకవైపు నిలబడి చెప్పమన్నా అబద్ధం చెప్పని మనిషి చేత, పదేళ్ళకి, అబద్ధం చెప్పమని ఎవరూ అనకుండానే, కాలం అబద్ధం చెప్పించింది.